లావు ఆపరేషన్‌కి ఇన్సూరెన్స్ రిజెక్ట్ చేస్తే ఏం చెయ్యాలి (ఒడిశాలో రాయగడ, బరంపురం, కొరాపుట్ వైపు ఉన్న మనవాళ్ళకి)

మా తమ్ముడి క్లెయిమ్ గొడవ తేలిన దగ్గర్నించి గుణుపురం నుంచి ఒకరు, పర్లాకిమిడి నుంచి ఒకరు, కొరాపుట్ జిల్లా జైపూర్ నుంచి ఇద్దరు, అందరూ ఒకటే అడుగుతున్నారు, "అక్కా, బేరియాట్రిక్‌కి (అదే, లావు తగ్గించే ఆపరేషన్‌కి) క్యాష్‌లెస్ అడిగితే కాదన్నారు, ఇప్పుడేటి చెయ్యాలి" అని. ప్రతీవాళ్ళకీ ఫోన్‌లో గంట గంట చెప్పే ఓపిక లేక ఇక్కడ ఒకేసారి రాసేస్తున్నాను. చదివాక కూడా డౌట్ ఉంటే అడగండి గానీ ముందు మొత్తం చదవండి, మధ్యలో ఆపేసి అడిగితే మాత్రం నాకు కోపం వస్తాది.

ఒక్క మాట ముందే చెప్తాను. మీ కష్టం ఎంత పెద్దదో వాళ్ళకి అక్కర్లేదు. మోకాళ్ళ నొప్పులు, ఊళ్ళో ఎగతాళి, పెళ్ళి కాకపోవడం, ఇవన్నీ రాసి నాలుగు పేజీల లెటర్ పంపినా చదవరు. రిజెక్షన్ లెటర్‌లో ఒక లైన్ ఉంటాది, ఫలానా క్లాజు కింద కుదరదు అని. ఆ లైన్‌కి కాగితంతో జవాబివ్వడమే మన పని. మిగతాదంతా గాలిమాటే.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- పాలసీ పూర్తి బుక్కు. కార్డు కాదు, రెండు పేజీల షెడ్యూల్ కాదు, రూల్స్ అన్నీ ఉన్న పెద్ద పీడీఎఫ్. ఏజెంట్ ఇవ్వకపోతే కంపెనీ యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో దొరుకుతాది.
- పాలసీ తీసుకున్నప్పుడు నింపిన ప్రపోజల్ ఫారం కాపీ. ఇది చాలామంది అడగరు, అసలు తిరకాసంతా ఇక్కడే ఉంటాది, కింద చెప్తాను.
- రిజెక్షన్ లెటర్ లేదా మెయిల్.
- హాస్పిటల్ వాళ్ళు కంపెనీకి పంపిన ప్రీ ఆథరైజేషన్ ఫారం (ఆపరేషన్‌కి ముందు క్యాష్‌లెస్ అడుగుతూ నింపేది) కాపీ.
- పాత చీటీలు, డైటీషియన్ కాగితాలు, షుగర్ రిపోర్టులు, నిద్ర టెస్టు రిపోర్టు, మందుల బిల్లులు, ఏమున్నా సరే.
- ఆధార్, పాలసీ, హాస్పిటల్ ఫైలు, మూడింట్లోనూ పేరు ఒకేలా ఉందో లేదో చూసుకోవడానికి ఒక తెల్లకాగితం.

ఆ ఆఖరిది చూసి నవ్వకండి. మన వైపు ఒడియాలో రాసేటప్పుడు వెంకటరావు బెంకటరావు అయిపోతాడు, వాసుదేవ్ బాసుదేవ్ అవుతాడు, ఇంటిపేరు ఒకసారి ముందు ఒకసారి వెనక. ఆధార్ ఒడిశాలో, పాలసీ విశాఖలో, ఆపరేషన్ విశాఖలో, మూడుచోట్లా మూడు స్పెల్లింగులు. డబ్బులు వచ్చే రోజున బ్యాంకు దగ్గర ఇరుక్కుంటారు. తేడా ఉంటే ఇద్దరూ ఒకరే అని ఒక అఫిడవిట్ నోటరీ చేయించి ఉంచుకోండి.

1. అసలు రిజెక్ట్ అయ్యింది ఏటో తేల్చుకోండి

క్యాష్‌లెస్ కాదనడం వేరు, క్లెయిమ్ కాదనడం వేరు. క్యాష్‌లెస్ ఇవ్వలేదంటే హాస్పిటల్‌కి నేరుగా కట్టము అని మాత్రమే. మీరు డబ్బులు కట్టుకుని ఆపరేషన్ చేయించుకుని తర్వాత రీయింబర్స్‌మెంట్ పెట్టుకోవచ్చు, దాన్ని వాళ్ళు మళ్ళీ చూడాల్సిందే. చాలామంది క్యాష్‌లెస్ కాదనగానే ఇంక అయిపోయింది అనుకుని ఇంటికొచ్చేస్తున్నారు. అలా అని అప్పు చేసి ఆపరేషన్ చేయించేసుకోమని చెప్పట్లేదు, రెండో స్టెప్‌లో లెక్క సరిపోతేనే.

ఇంకోటి, చాలాసార్లు మెయిల్ పంపేది కంపెనీ కాదు, మధ్యలో ఉన్న టీపీఏ, అంటే కంపెనీ తరఫున క్లెయిమ్ కాగితాలు చూసే ఏజెన్సీ. టీపీఏ మెయిల్‌తో ఆగిపోకండి. ఏ క్లాజు కింద కాదన్నారో నంబరుతో సహా రాతలో ఇమ్మని ఇన్సూరెన్స్ కంపెనీకే రాయండి. 2024 మే 29న ఐఆర్‌డీఏఐ (ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ) ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం కంపెనీలోని రివ్యూ కమిటీ ఒప్పుకోకుండా క్లెయిమ్ తిరస్కరించకూడదు, తిరస్కరిస్తే పాలసీలో ఏ షరతు అడ్డమొచ్చిందో చెప్పాలి. "నాట్ పేయబుల్" అని రెండు ముక్కలు పంపితే ఒప్పుకోకండి. అదే సర్క్యులర్‌లో క్యాష్‌లెస్ అడిగిన గంటలో జవాబు చెప్పాలని కూడా ఉంది, మా వాడికి రెండు రోజులు కూర్చోబెట్టారు అది వేరే విషయం.

2. ఆ క్లాజు చదవండి, మీరు దాంట్లోకి వస్తారో లేదో నిజాయితీగా చూసుకోండి

మన దేశంలో హెల్త్ పాలసీలన్నిట్లోనూ ఈ షరతు ఇంచుమించు ఒకే మాటల్లో ఉంటాది, ఎందుకంటే 2019లో ఐఆర్‌డీఏఐ ఎక్స్‌క్లూజన్లు (పాలసీ కిందకి రానివి) అన్నిటికీ కామన్ కోడ్ పెట్టేసింది. ఊబకాయానిది కోడ్ 06. దాంట్లో ఏముందంటే, కింద చెప్పినవన్నీ ఉంటేనే ఆపరేషన్ ఖర్చు ఇస్తారు, ఒక్కటి తగ్గినా ఇవ్వరు:

- డాక్టర్ సలహా మీదే ఆపరేషన్ జరగాలి
- ఆ ఆపరేషన్ వైద్య ప్రోటోకాల్ ప్రకారం ఉండాలి
- వయసు 18 నిండాలి
- బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంతుందో చెప్పే అంకె, లెక్క మూడో స్టెప్‌లో ఉంది) 40 లేదా ఆపైన ఉండాలి. లేదా 35 ఆపైన ఉండి, దాంతోపాటు లావు వల్ల వచ్చిన గుండె కండరం జబ్బు గానీ, కరోనరీ గుండె జబ్బు గానీ, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) గానీ, అదుపులో లేని టైప్ 2 షుగర్ గానీ ఉండాలి, ఆపరేషన్ లేని పద్ధతులు చేసి ఫలితం లేకపోయి ఉండాలి

ఈ నాలుగు జబ్బుల లిస్టు బాగా గుర్తు పెట్టుకోండి. బీపీ లేదు. మోకాళ్ళ నొప్పి లేదు. పీసీఓడీ లేదు, థైరాయిడ్ లేదు. అవి ఎంత బాధ పెట్టినా 35 నుంచి 40 మధ్య ఉన్నవాళ్ళకి ఆ క్లాజు కింద పనికిరావు.

ఇక్కడే పెద్ద మోసపోయే చోటు ఉంది. సర్జన్ గారు "మీరు ఎలిజిబుల్ అమ్మా" అంటారు. ఆయన అబద్ధం చెప్పట్లేదు, ఎందుకంటే మన ఇండియన్ల కోసం డాక్టర్లు వాడే లెక్క వేరు, జబ్బుతో అయితే 32.5, జబ్బు లేకపోయినా 37.5 దాటితే ఆపరేషన్ చెయ్యొచ్చంటారు. మనవాళ్ళకి తక్కువ బరువుకే షుగరు, గుండె జబ్బు వచ్చేస్తాయని అలా తగ్గించారు. కానీ ఇన్సూరెన్స్ వాళ్ళది 35, 40. డాక్టర్ లెక్కలో పాసయ్యి కంపెనీ లెక్కలో ఫెయిలయ్యేవాళ్ళే నాకు ఎక్కువ ఫోన్లు చేస్తున్నారు. బీఎంఐ 33 ఉండి షుగర్ ఉంటే డాక్టర్ చెయ్యొచ్చంటాడు, కంపెనీ ఇవ్వదు, పోట్లాడినా గెలవడం కష్టం. అబద్ధపు ఆశ పెట్టి మీ డబ్బులు ఖర్చు చేయించడం నాకు ఇష్టం లేదు.

3. ఎత్తు, బరువు మళ్ళీ కొలిపించండి

ఇది చిన్న విషయంలా కనపడతాది గానీ మా తమ్ముడి క్లెయిమ్ మొదటిసారి పోయింది దీని వల్లే. లెక్క ఇదీ: బరువు కిలోల్లో తీసుకుని, ఎత్తు మీటర్లలో రెండుసార్లు గుణించినదాంతో భాగించాలి. మావాడి బరువు 103 కిలోలు. హాస్పిటల్లో సిస్టర్ నోటితో అడిగితే గొప్పకి "ఐదడుగుల ఎనిమిది" అని చెప్పేశాడు, ఆమె 172 అని రాసేసింది. 1.72 ఇంటూ 1.72 అంటే 2.96, 103ని దాంతో భాగిస్తే 34.8. అంతే, 35 కంటే తక్కువ అని రిజెక్ట్. తర్వాత గోడకి నిలబెట్టి చెప్పుల్లేకుండా కొలిస్తే 168. అప్పుడు 36.5 వచ్చింది. నాలుగు సెంటీమీటర్ల గొప్పకి దగ్గర దగ్గర నాలుగు లక్షలు పోబోయాయి. మగాళ్ళంతా ఎత్తు పెంచి చెప్పేవాళ్ళే, ఏం చెప్తాం.

కాబట్టి రెండు వేర్వేరు చోట్ల, తేదీ, స్టాంపు, డాక్టర్ సంతకంతో కొలత రాయించండి. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ లాంటి గవర్నమెంటు ఆసుపత్రి ఓపీ చీటీ మీద రాయిస్తే దానికి విలువ ఎక్కువ, ప్రైవేటు హాస్పిటల్ తన లాభం కోసం రాసిందని ఎవరూ అనలేరు.

హెచ్చరిక: 34 ఉన్నవాళ్ళు 35 చేసుకుందామని తెగ తిని బరువు పెంచుకుంటున్నారని విన్నాను. వద్దు బాబూ. ఒకటి ప్రాణం మీదకొస్తాది, రెండోది ఆరు నెలల బరువు రికార్డు అడిగితే పెరిగిన గ్రాఫే మిమ్మల్ని పట్టిస్తాది.

4. మిగతా కాగితాలు కూడగట్టండి

35 నుంచి 40 మధ్య ఉన్నవాళ్ళకి రెండు సాక్ష్యాలు కావాలి, జబ్బు ఉందని ఒకటి, ఆపరేషన్ లేకుండా ప్రయత్నించి ఓడిపోయారని ఒకటి.

షుగర్ అయితే ఒక్క రిపోర్టు చాలదు. క్లాజులో "అదుపులో లేని" అని ఉంది కదా, అందుకని కొన్ని నెలల ఎడంతో రెండు మూడు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష) రిపోర్టులు, ఆ టైములో మందులు వాడుతూనే ఉన్నారని చీటీలు, రెండూ కలిపి పెట్టాలి. మందులు వాడకుండా షుగర్ పెరిగితే అది మీ తప్పంటారు. స్లీప్ ఆప్నియా అయితే "గురక బాగా పెడతాడు" అని రాస్తే సరిపోదు, రాత్రంతా చేసే నిద్ర టెస్టు రిపోర్టు కావాలి, దాంట్లో గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో తగ్గిందో లెక్క ఉంటాది, ఆ అంకె 30 అంతకంటే ఎక్కువైతేనే తీవ్రం అంటారు. మావాడికి 38 వచ్చింది. ఈ రిపోర్టు హాస్పిటల్ ఫైల్లోనే ఉంది, ఇన్సూరెన్స్ డెస్క్ కుర్రాడు ప్రీ ఆథ్ ఫారంలో రాయనేలేదు. అందుకే ఆ ఫారం కాపీ చేతిలోకి తీసుకుని మీరే చదవమనేది.

రెండో సాక్ష్యం కష్టం, ఎందుకంటే మనం డైటింగ్ చేసినప్పుడు రసీదులు దాచుకోము. పొద్దున్నే రాగి అంబలి తాగాను, రెండు నెలలు అన్నం మానేశాను అంటే ఎవడు నమ్ముతాడు. వెతకండి. డైటీషియన్ చీటీ, జిమ్‌కి ఫోన్‌లో కట్టిన డబ్బుల హిస్టరీ, బరువు తగ్గడానికి డాక్టర్ రాసిన మందులు, ప్రతీసారీ ఓపీ చీటీ మీద రాసిన బరువు. తేదీ ప్రకారం వరసగా పేర్చి ఒక పేజీ లిస్టు రాయండి. ఏమీ లేకపోతే ఇప్పుడు మొదలుపెట్టండి, నెలకోసారి డైటీషియన్ దగ్గరకెళ్ళి బరువు రాయించుకోండి, ఆపరేషన్ కొంచెం వెనక్కెళ్ళినా క్లెయిమ్ గట్టిపడతాది. ఒడియాలో చేత్తో రాసిన చీటీలుంటే పక్కన ఇంగ్లీషులో టైపు చేయించి అతికించండి, ముంబైలో కూర్చున్నవాడికి ఒడియా ఏం తెలుస్తాది.

చివరికి సర్జన్ దగ్గర కొత్త లెటర్ తీసుకోండి. దాంట్లో "బరువు తగ్గడం కోసం" అని మాత్రమే ఉంటే వద్దనండి. కొలిచిన ఎత్తు, బరువు, బీఎంఐ, జబ్బు పేరు, రిపోర్టు తేదీ, ముందు చేసిన ప్రయత్నాలు, ఆపరేషన్ పేరు, ఇన్నీ ఉండాలి. లైపోసక్షన్, పొట్ట చర్మం తీసే ఆపరేషన్ లాంటివి కాస్మెటిక్ కిందకెళ్ళిపోతాయి, వాటిని ఇదే బిల్లులో కలిపితే మొత్తానికే ఎసరు.

5. రిజెక్షన్ కారణం ఊబకాయం క్లాజు కాకపోతే

కొందరికి వెయిటింగ్ పీరియడ్ అని వస్తాది, అంటే పాలసీ తీసుకున్నాక ఇంతకాలం దాకా ఫలానా జబ్బుకి ఇవ్వం అని. పాలసీ తీసుకునేటప్పటికే ఉన్న జబ్బుకి కంపెనీ పెట్టగలిగే గరిష్ఠ వెయిటింగ్ 2024 ఏప్రిల్ 1 నుంచి 36 నెలలు, అంతకుముందు 48 ఉండేది. బేరియాట్రిక్‌కి విడిగా రెండేళ్ళో మూడేళ్ళో వెయిటింగ్, సబ్ లిమిట్ (ఇంతకంటే ఎక్కువ ఇవ్వం అనే హద్దు) పెట్టిన పాలసీలు కూడా ఉన్నాయి. మధ్యలో కంపెనీ మార్చినవాళ్ళు, పోర్టబిలిటీ కింద (పాత పాలసీకి కొనసాగింపుగా) మారి ఉంటే పాత ఏళ్ళు లెక్కలోకి వస్తాయి, అవి కలిపారో లేదో చూసుకోండి. నిజంగానే టైము కాకపోతే మాత్రం పోట్లాట దండగ, ఆగి ఆ తేదీ దాటాక చేయించుకోండి.

కొందరికి "విషయం దాచారు" అని వస్తాది. ప్రపోజల్ ఫారం గురించి చెప్తానన్నాను కదా. మన వైపు ఏజెంట్లు ఇంటికొచ్చి టీ తాగుతూ ఫారం వాళ్ళే నింపేస్తారు, మనిషి 110 కిలోలున్నా 75 అని రాసేస్తారు, ప్రీమియం పెరగకూడదని. సంతకం మనది. తర్వాత అదే మెడకి చుట్టుకుంటాది. పాలసీ ఆపకుండా 60 నెలలు నడిచి ఉంటే, మోసం అని రుజువు చేస్తే తప్ప విషయం దాచారనే కారణంతో క్లెయిమ్ కాదనకూడదు. అయిదేళ్ళు కాకపోతే, ఏజెంట్ నింపాడనడానికి వాట్సాప్ మెసేజ్ ఏదైనా ఉంటే భద్రం చేసుకోండి. కొత్తగా పాలసీ తీసుకోబోయేవాళ్ళు నిజం బరువే రాయించండి, ఏజెంట్ మొహం మాడ్చుకున్నా సరే.

కంపెనీ ఇచ్చే గ్రూపు పాలసీ అయితే (ఇక్కడ పేపర్ మిల్లు, ఫెర్రో ప్లాంటుల్లో చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు కదా) రూల్స్ వేరేగా ఉండొచ్చు. ముందు హెచ్‌ఆర్‌ని పాలసీ కాపీ అడగండి, వెయిటింగ్ పీరియడ్ లేని గ్రూపు పాలసీలు ఉంటాయి.

6. కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాయండి

ఒక పేజీ చాలు. పాలసీ నంబరు, క్లెయిమ్ నంబరు, వాళ్ళు చెప్పిన కారణం వాళ్ళ మాటల్లోనే, కింద ఆ క్లాజులో ఒక్కో షరతు రాసి ఎదురుగా మీ కాగితం నంబరు. "ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 103, బీఎంఐ 36.5, అనుబంధం 2 చూడండి" ఇలా. బతిమాలొద్దు, తిట్టొద్దు. మెయిల్‌లో పంపి, అదే కాగితాలు స్పీడ్ పోస్టులో కూడా పంపి రసీదు దాచండి. రెండు వారాల్లో తేల్చాలి.

అందరూ చేసే తప్పు, టోల్ ఫ్రీకి ఇరవైసార్లు ఫోన్ చేసి "చూస్తామన్నారు అక్కా" అనడం. ఫోన్‌లో చెప్పింది చెప్పినట్టు కాదు. రాతలో లేనిది జరగనట్టే లెక్క.

7. బీమా భరోసా పోర్టల్

కంపెనీ కదలకపోతే ఐఆర్‌డీఏఐ వాళ్ళ బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి, ఫోన్ అయితే 155255. టోకెన్ నంబరు వస్తాది, దాన్ని ఫొటో తీసి పెట్టుకోండి. వాళ్ళు తీర్పు చెప్పరు, కంపెనీకే పంపుతారు, కానీ అప్పుడు కంపెనీలో పై వాళ్ళు ఫైలు తెరుస్తారు. స్టేటస్ "క్లోజ్డ్" అని కనపడితే గెలిచినట్టు కాదు, లోపల జవాబు తెరిచి చదవండి, చాలాసార్లు పాత లెటరే మళ్ళీ పెడతారు.

8. ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్

ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అధికారి అంబుడ్స్‌మన్. ఇదీ అసలు చోటు. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, 50 లక్షల దాకా చూస్తారు. కంపెనీ కాదన్నాకగానీ, రాసి నెల అయినా జవాబు లేకపోతేగానీ వెళ్ళాలి. కంపెనీ కాదన్న తేదీ నుంచి ఏడాది లోపు వెళ్ళాలి. ఏడాది దాటితే అయిపోయింది, ఆ తేదీ క్యాలెండర్‌లో రాసుకోండి.

మన సరిహద్దు వాళ్ళకి ఒక ప్రశ్న ఎప్పుడూ వస్తాది: పాలసీ విశాఖ బ్రాంచిలో, ఆపరేషన్ విశాఖలో, ఇల్లేమో రాయగడలో, ఏ ఆఫీసుకి వెళ్ళాలి? మీరు ఉండే ఊరు ప్రకారం గానీ, కంపెనీ బ్రాంచి ఉన్న ఊరు ప్రకారం గానీ వెళ్ళొచ్చు. ఇల్లు ఒడిశాలో ఉంది కాబట్టి భువనేశ్వర్, బ్రాంచి ఆంధ్రలో ఉంటే హైదరాబాద్ కూడా కుదురుతాది. మేము భువనేశ్వర్ ఎంచుకున్నాం, ఆధార్ అడ్రస్ ఇక్కడిదే కాబట్టి ఎవరూ తిరకాసు పెట్టలేదు. హైదరాబాద్‌లో తెలుగులో మాట్లాడుకోవచ్చు కదా అనిపిస్తే అది మీ ఇష్టం. ఫిర్యాదు ఆన్‌లైన్లో పెట్టొచ్చు, విచారణ వీడియోలో కూడా జరుగుతాది, మాది అలాగే అయ్యింది, నేను ఒడియా హిందీ కలిపి మాట్లాడాను. పది నిమిషాలు కూడా పట్టలేదు. వాళ్ళడిగింది రెండే, ఎత్తు ఎవరు కొలిచారు, నిద్ర టెస్టు ఆపరేషన్‌కి ముందుదా తర్వాతదా.

ఒకే కేసు కన్స్యూమర్ కోర్టులో నడుస్తుంటే అంబుడ్స్‌మన్ తీసుకోరు. ముందు ఇక్కడికి రండి, ఇక్కడ నచ్చకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళొచ్చు, మీరుండే జిల్లాలోనే వెయ్యొచ్చు, రెండేళ్ళ గడువు, కట్టిన ప్రీమియం అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు. కాకపోతే టైము పడతాది.

9. డబ్బులు వచ్చాక కూడా చూసుకోండి

తీర్పు మీ వైపు వస్తే కంపెనీ 30 రోజుల్లో అమలు చెయ్యాలి. అకౌంట్‌లో పడ్డ అంకె చూసి సంబరపడిపోకుండా సెటిల్‌మెంట్ షీటు అడగండి, ఏ లైన్‌లో ఎంత కోశారో దాంట్లో ఉంటాది. మాకు కోసినవాటిలో గ్లౌజులు, కిట్లు లాంటివి సరే అనుకున్నాం. రూము అద్దె మీ పాలసీ పరిమితి కంటే ఎక్కువ రూము తీసుకుంటే మాత్రం అద్దె తేడా ఒక్కటే కాదు, అదే నిష్పత్తిలో డాక్టర్ ఫీజు కూడా కోసేస్తారు, కాబట్టి అడ్మిట్ అయ్యేముందే పరిమితి ఎంతో చూసి రూము తీసుకోండి. ఆలస్యానికి బ్యాంకు రేటు మీద రెండు శాతం కలిపి వడ్డీ ఇవ్వాలి, వెయ్యకపోతే ఒక మెయిల్ పెట్టండి. మేం మెయిల్ పెట్టిన పద్దెనిమిది రోజుల తర్వాత వడ్డీ ఏడు వేల చిల్లర పడింది, తమ్ముడు దాంతో ఇంటికి ఎత్తు కొలిచే టేపు కొన్నాడు.